ఎండకు తిరిగే గిర్నీ

మా ఆయనకు దగ్గు ఉందని ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప. పొద్దున ముఖం కడుక్కునేటప్పుడు మొదలుపెడితే వీధి చివరి ఇంట్లో వాళ్లు కూడా దుప్పటి తీసేవాళ్లు. ఏమిటయ్యా ఇది అని అడిగితే, "గొంతులో ఏమో పడినాదిలే" అనేవాడు. ఇన్నేళ్లుగా గొంతులో పడుతూనే ఉన్న ఆ వస్తువేమిటో ఒకసారి చూడాలని నాకు చాలా ఆశగా ఉండేది.

మాది కోసిగి దగ్గర ఒక పల్లె. ఊరి చివర మా ఇల్లు, ఇంటిని ఆనుకుని రేకుల కొట్టంలో మా గిర్నీ. పిండిమరను మా వైపు గిర్నీ అనే అంటాం. మా మామ పెట్టింది. కరెంటు లైనుకు మేం చిట్టచివర కాబట్టి వోల్టేజీ చాలక మోటారు కాలిపోతుండేది. విసుగొచ్చి మా మామ డీజిలు ఇంజినును నమ్ముకున్నాడు. ఆయన తర్వాత మా ఆయన దాన్నే నమ్ముకున్నాడు. నన్ను నమ్మిన దానికంటే కొంచెం ఎక్కువే నమ్మాడని నా అభిప్రాయం.

పొగగొట్టం కొసన మా మామ చిన్న రేకు మూత ఒకటి బిగించాడు. ఇంజిను వేస్తే ఆ మూత ఎగిరిపడుతూ కూక్, కూక్ అని అరిచేది. ఆ అరుపు చేలదాకా వినపడేది. పత్తి తీసే ఆడవాళ్లు అది వినగానే ఒడిలో పత్తి గుట్టమీద పోసి, ఇంటికి పోయి, జొన్నల మూట నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్లు. మాపటి రొట్టెలకు మాపటే పిండి. పొద్దు గూకే వేళ మా కొట్టం ముందు జాతర లాగా ఉండేది.

వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా మూట పెట్టి పోయేవాళ్లు కాదు. నిలబడేవాళ్లు. జొన్నలు పైన తొట్టిలో పోసినప్పటి నుంచి కింద గుడ్డ గొట్టంలోంచి పిండి జారిందాకా కన్ను తిప్పరు. ముందువాళ్ల పిండి రాళ్ల మధ్య కొంచెం నిలిచి మనదాంట్లో కలుస్తుందని, మనది వెనకవాళ్లకు పోతుందని అందరికీ అనుమానమే. తెల్లజొన్నల వాళ్లు పచ్చజొన్నల వాళ్ల వెనక నిలబడరు. అందరిలోకీ పెద్ద అనుమానం చర్చి వీధి అవ్వది. కొడుకూ కోడలూ కూలికి పోతే ఇల్లు చూసుకునే మనిషి. ఆమె చేతిలో ఒక కర్ర ఉండేది. నడవడానికి కాదు, తొట్టిని తట్టడానికి. పిండి పడటం ఆగిపోయాక కూడా తడుతూ, "ఇంగా ఉండాది, ఇంగా ఉండాది" అనేది. చివరి చిటికెడు రాలిందాకా వెనకవాళ్లు పోయకూడదు. వాళ్లు గొణిగితే, "మీది నాకొద్దు, నాది మీకొద్దు" అనేది.

ఇట్లా నడుస్తుండగా ఒక వేసవిలో ఆయన మూట ఎత్తబోయి అట్లాగే కూలబడ్డాడు. ఆదోనికి తీసుకుపోయాను. ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఒక గొట్టం ఇచ్చి ఊదమంది. ఊదాడు. ఇంకా ఊదమంది. ఆయన నావైపు చూశాడు, అంతే ఉంది అన్నట్టు.

"బీడీలు తాగుతావా?" అని అడిగింది.

"ల్యాదమ్మా. మా వంశంలోనే ల్యా."

"పొగ దగ్గర పనిచేస్తావా?"

"పొగ యాడిదమ్మా. ఇంజిను పొగ ఉంటాది, అది బయటికి పోతాది."

"బయటికి పోయేముందు ఈయన లోపలికి పోయి వస్తాదమ్మా" అన్నాను నేను.

డాక్టరమ్మ నవ్వలేదు. పిండి దుమ్ముకు ముక్కుకు గుడ్డ కట్టుకోవచ్చు గానీ, ఆ పొగను ఏ గుడ్డా ఆపదంది. ఇంకొన్నేళ్లు ఇదే పొగలో నిలబడితే మంచం మీద నుంచి లేచి గడపదాకా పోవడానికి కూడా ఆయాసపడతాడని, పోయిన ఊపిరి మందులతో తిరిగిరాదని, ఉన్నదాన్ని నిలుపుకోవాలని చెప్పింది. ఆయన తల ఊపాడు. పెద్దవాళ్లు చెప్పిందానికి ఆయన ఎప్పుడూ తల ఊపుతాడు, ఆ తర్వాత తన పని తను చేసుకుంటాడు.

బస్సులో నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం కూడా వస్తుంది. కిటికీ పక్కన కూర్చుని ఆ పొగ మా దగ్గర ఏమేం తీసుకుందో తలచుకుంటూ వచ్చాను. డీజిలు ధర ఎంత పెరిగినా పైసాతో సహా ఆయనకు తెలుసు. పొగ ధర మాత్రం ఎవరూ అడగలేదు. దగ్గు ఎక్కువైన రోజు గిర్నీ మూత. మూటలెత్తడం ఆయనకు చేతకాక వారంలో సగం రోజులు కూలి మనిషి. మందులు, బస్సులు, ఆసుపత్రి ముందు హోటల్లో చల్లారిన ఇడ్లీలు. ఉగాదికి వేసిన సున్నం శ్రావణంలోపే మసి. మా పక్కింటి ఆమె దండెం ఇంటి వెనక్కి మార్చుకుంది, బిడ్డలకు ముక్కులు కారడం మాత్రం మార్చుకోలేకపోయింది. ఆఖరికి మా పిండితో చేసిన రొట్టెకు కూడా కమురు వాసన వస్తుందని కోసిగి గిర్నీకి పోయేవాళ్లు ఉన్నారు. ఇదంతా కలిపితే ఆ ఇంజిను మమ్మల్ని పోషిస్తోందా, మేమే దాన్ని పోషిస్తున్నామా అనిపించింది.

బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే ఆయన ఎప్పటిలాగే చర్చి గోడ దగ్గర ఆగాడు. ఆ గోడమీద నీలం అక్షరాలతో ఒక వాక్యం రాసి ఉంటుంది. దాన్ని చదువుతున్నట్టు నిలబడతాడు. ఏళ్లుగా అదే వాక్యం. నాకు కూడా నోటికి వచ్చేసింది. ఊపిరి సర్దుకోవడానికి ఆగుతున్నాడని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఆ రోజు నేనూ ఆయన పక్కన గోడవైపే చూస్తూ నిలబడ్డాను.

మా తమ్ముడు కర్నూలు అవతల పెద్ద సోలారు ప్లాంటులో పనిచేస్తాడు. బీడు భూముల మీద చూపు ఆనినంత దూరం ప్లేట్లు పరిచి ఉంటాయి అక్కడ. వాడికి ఫోను చేసి, "అన్నేసి ప్లేట్లతో ఎవరికో కరెంటు ఇస్తాండావు. మీ బావకు ఊపిరాడేంత ఈలేవా?" అని అడిగాను. వాడు వచ్చి కొట్టం కొలిచాడు, మిద్దె కొలిచాడు, రాళ్లు తిరగడానికి ఎంత బలం కావాలో లెక్క వేశాడు. నేను పొదుపు సంఘంలో లోను పెట్టాను. మిద్దె నిండా ప్లేట్లు, కొట్టంలో కొత్త మోటారు. మా ఊరికి వాన తక్కువ గానీ ఎండకు ఏ లోటూ లేదు. ఇన్నాళ్లూ తిట్టుకున్న ఎండ మా రాళ్లు తిప్పుతుంటే నాకు గర్వంగా ఉండింది. దాచుకోలేదు కూడా.

మా ఆయన మాత్రం ఇంజినును తీయనివ్వలేదు. కొట్టంలో ఒక మూలకు జరిపి, నూనె పెట్టి, గోనెపట్టా కప్పాడు. అత్తగారిని చూసుకున్నట్టు చూసుకున్నాడు. దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు ఇంజినుకు నిమ్మకాయల దండ, కుంకుమ, కొబ్బరికాయ. మిద్దె మీది ప్లేట్లకు ఒక బొట్టు కూడా లేదు. "అవి ఇంగా మనవి కాల్యా" అన్నాడు.

ఆయన మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. కొత్త మోటారుకు అరుపు లేదు. రాళ్ల గరగర తప్ప ఇంకే చప్పుడూ లేదు. కూక్ కూక్ వినపడక, గిర్నీ మూసేశారని ఊళ్లో పుకారు లేచింది. నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. అప్పుడు వచ్చారు. ఎప్పుడు? పొద్దు గూకాక. అప్పటికి ప్లేట్లమీద ఎండ ఉండదు, రాళ్లు తిరగవు. ఎండ ఉన్నప్పుడేమో ఊరంతా చేలల్లో ఉంటుంది. పొద్దున చేనికి పోతూ మూట ఇచ్చి పొండి, మాపటికి పిండి తీసుకుపొండి అంటే, నేను వాళ్ల మెళ్లో తాళి అడిగినట్టు చూశారు.

"కండ్ల ముందర ల్యాకుండా యట్ల పట్టిచ్చేది?" అంది ఒకామె.

"మూట పెట్టి పోతే ఎవరి పిండి ఎవరికొచ్చాదో" అంది ఇంకొకామె.

పగలంతా ఖాళీ గిర్నీ ముందు కూర్చున్నాం. ఎండ మాత్రం బ్రహ్మాండంగా కాస్తోంది.

అప్పుడు ఆయన ఒక మాట అన్నాడు. అది సుగ్గి మాట. దసరా, దీపావళి దాటాక మా ఊళ్లో సగం ఇళ్లు సుగ్గికి పోతాయి. సుగ్గి అంటే పని కోసం వలస. గుంటూరు వైపు పత్తికి, మిరపకాయలకు లారీలెక్కి పోతారు. అక్కడ గుడారం వేసుకుని, పొయ్యి రాళ్లు పెట్టుకుని, మొదటి కూలి చేతికి వచ్చిందాకా ఇక్కడినుంచి మోసుకుపోయిన జొన్నపిండే తింటారు. లారీ తెల్లవారకముందే కదులుతుంది. ముందురోజు మాపటిదాకా ఇక్కడి పని వదలరు. కాబట్టి సుగ్గి పిండి మొత్తం ఆ ఒక్క సాయంత్రమే పట్టాలి.

"సుగ్గికి పోయేటోళ్లను పిండి ల్యాకుండా లారీ ఎక్కియ్యమంటావా?" అన్నాడు. "మా నాయన ఒక్కరిని గూడా అట్ల పంపల్యా. నేనూ పంపను. ఆ పొద్దు ఒక్క మూట మిగిలినా ఇంజిను వేస్తా. అదైనాక ఇంగ నీ ప్లేట్లు గీట్లు నాకు చెప్పాకు."

డబ్బు కోసం అయితే పోట్లాడేదాన్ని. ఇది డబ్బు కాదు. సరే అన్నాను. ఒక్క మూట కూడా మిగలకుండా పగలే పట్టి చూపిస్తానని కూడా అన్నాను. అన్నాక, ఎట్లా అని ఆలోచించడం మొదలుపెట్టాను. నాకు మొదటినుంచీ ఇదే వరస.

ఉపాయం ఆడవాళ్ల చీరల్లోనే దొరికింది. ఎవరి పాతచీర అంచు వాళ్లకు చూడగానే తెలుస్తుంది. ఆ అంచు చించి దాంతోనే మూట మూతి కట్టండి, పిండి పట్టి మళ్లీ అదే పేలికతో కట్టి ఇస్తాను అని చెప్పాను. ఒక మూటకూ ఇంకో మూటకూ మధ్య రాళ్లు ఖాళీగా తిప్పి, తొట్టి నేనే తట్టి, రాలిన పిండి అదే మూటలో పోస్తానన్నాను. మా మామ పెట్టిన నియమం ఒకటి ఉంది. మంది గింజ మన వంటింట్లోకి రాకూడదు. నేల ఊడిస్తే వచ్చిన పిండి కూడా చీమలకు వేయాలి గానీ మనం వాడకూడదు. అది ఊరికి తెలుసు. పక్కింటి ఆమె మొదట ఇచ్చింది. తర్వాత ఇద్దరు ముగ్గురు ఇచ్చారు. ముక్కుకు గుడ్డ కట్టుకుని నేనే పట్టాను, ఆయన్ను తలుపు అవతల కూర్చోబెట్టి మూటలు కట్టించాను.

ఒక పొద్దున చర్చి వీధి అవ్వ వచ్చింది. మూట దించింది. ఊదారంగు అంచుతో, విప్పడానికి పళ్లు కావలసినంత గట్టిగా ముడి వేసింది. "పోతాండానమ్మే. మాపటికి వస్తా" అని కర్ర తీసుకుని నిజంగానే వెళ్లిపోయింది. నేనూ మా ఆయనా ఒకరినొకరం చూసుకున్నాం. ఆమె ఒక్కతి నమ్మితే ఊరు నమ్మినట్టే.

అంత నమ్మకంతో ఇచ్చిన మూట కదా అని నేను అతిగా మర్యాద చేశాను. విప్పి చూస్తే తెల్లటి జొన్నల్లో సజ్జలు కలిసి ఉన్నాయి. అవీ పుచ్చిన సజ్జలు, ఒక్కొక్కదానికి సన్నటి బొక్క. పాపం అవ్వకు కళ్లు ఆనడం లేదు అనుకున్నాను. పుచ్చు సజ్జలు కలిస్తే రొట్టె చేదెక్కుతుంది. జల్లెడ పట్టాను. జొన్న పైన నిలిచింది, సజ్జ కిందికి దిగింది. రాలినవన్నీ ఒక స్టీలు గ్లాసులో పోసి, అవ్వ వచ్చినప్పుడు ఇద్దామని గూట్లో పెట్టాను. మల్లెపువ్వు లాంటి పిండి పట్టి, ఊదా పేలికతో కట్టాను. మాపటికి జనంలో పడి గ్లాసు సంగతి మరిచిపోయాను. అవ్వ మూట తీసుకుని వెళ్లిపోయింది.

మరుసటి రోజు ఒక్క మూట కూడా రాలేదు.

ఆ తర్వాత రోజూ రాలేదు. మూడో పొద్దు అవ్వ కోడలు గిర్నీ ముందు నుంచి పోతూ ఆగింది. లోపలికి రాలేదు.

"ఏమే, ఏమైంది?" అన్నాను.

"మా యత్త పిండి మారినాదంటాండాది వదినా. సజ్జలు కలిపి ఇచ్చినాదంట, సూద్దామని. రొట్టె చేస్తే సజ్జ పొడ గూడా ల్యాదంట. అది మా పిండి కాదు, ఎవరిదో ఇచ్చినారు అని వీధంతా చెప్తాండాది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాకు పరీక్ష పెట్టిందా ఆ ముసలామె. ముప్పై ఏళ్ల పైన ఆమె పిండి చిటికెడు కూడా పక్కకు పోనీయని ఇంటికి. ఆమె ఇంటికే పోయి కడిగేద్దామని లేచాను. తలుపు అవతల మా ఆయన నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి దగ్గాడు.

"మంచి పని చేయబోయి చెడగొట్టుకున్నావు గదమ్మే" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, మూలకు పోయి, ఇంజిను మీద గోనెపట్టా తీశాడు. నూనె డబ్బా తీసుకున్నాడు. వచ్చే వారంలో సుగ్గి లారీ. ఆయన ఇంజిను చక్రానికి నూనె వేస్తుంటే నా కోపం దిగిపోయింది. మిగిలింది భయం ఒక్కటే.

గూట్లో గ్లాసు అట్లాగే ఉంది. దాన్ని తీసుకుని ఒక్కదాన్నే అవ్వ ఇంటికి పోతే లాభం లేదు. ఆమె వీధంతా చెప్పింది, వీధంతా వినేచోటే నేను చెప్పాలి. రెండు రోజులు ఆగితే ఆదివారం. సుగ్గికి పోయేవాళ్ల కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేసే ఆదివారం అది. చర్చి నిండిపోతుంది.

ఆరాధన అయ్యేవేళకు పోయి, గేటు పక్కన స్టీలు గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. చూసినవాళ్లు నేను మజ్జిగ అడుక్కోవడానికి వచ్చాననుకుని ఉంటారు. తెల్ల చీరల్లో ఆడవాళ్లు బయటికి రావడం మొదలైంది. అవ్వ బైబిలు చంకలో పెట్టుకుని, కర్ర పట్టుకుని వచ్చింది. నన్ను చూసి ముఖం పక్కకు తిప్పింది.

"అవ్వా, నీ సొమ్ము నా దగ్గర ఉండిపోయింది. ఇచ్చిపోదామని వచ్చినా" అన్నాను.

అందరూ ఆగారు. అవ్వ కూడా ఆగింది. ఆమె అరచేయి పట్టుకుని అందులో గ్లాసు వంచాను.

"సజ్జలు అందరిండ్లల్లో ఉంటాయి" అంది, వాటిని చూడకుండానే.

"ఇట్లాంటివి ఉండవులే. సూడు."

చూసింది. కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. వేలితో కదిపింది. ప్రతి గింజకూ బొక్క.

"పుచ్చినయ్యి గదా అని జల్లెడ పట్టి తీసినా అవ్వా. రొట్టె చేదెక్కుతాదని. నీ గింజ నీకియ్యాలని గూట్లో పెట్టినా, మరిచిపోయినా. పరీక్ష పెడితే పెట్టినావు, మంచి సజ్జలు పెట్టకూడదా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత కోడలే నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకుని. అవ్వ ఒక గింజను గోటితో గిల్లి చూసింది.

"మంచియ్యి కలిపేదానికి మనసు రాల్యా" అంది చివరికి. "పోయిన ఏడాదివి. కోళ్లకు పెట్టుకున్నవి."

అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. సజ్జలు కొంగులో ముడి వేసుకుంది. క్షమించు అనలేదు, ఆమెకు ఆ అలవాటు లేదు. నాకూ అవసరం లేదు. వెళ్తూ వెళ్తూ, "ఏమ్మే, ఆ రొట్టె మటుకు శానా బాగుండె" అంది. ఆ వీధికి అది చాలు.

సుగ్గి ముందురోజు పొద్దున నేను తలుపు తీసేసరికి కొట్టం ముందు మూటలు బారుగా ఉన్నాయి. ఎర్ర అంచు, ఆకుపచ్చ అంచు, పువ్వుల అంచు. మనుషులు లేరు. అందరూ చేలకు పోయారు. ముందువరసలో ఊదా పేలిక కట్టిన రెండు పెద్ద మూటలు, అవ్వ కొడుకూ కోడలూ తీసుకుపోవడానికి ఒకటి, అవ్వ ఇంట్లో ఉంచుకోవడానికి ఒకటి. ఎండ ఎక్కగానే మోటారు వేశాను. రోజంతా నడుం వాల్చకుండా పట్టాను. మా ఆయన తలుపు అవతల మూతులు కడుతూ, మధ్యమధ్య ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాడు. మబ్బు పడాలని చూస్తున్నావా, పడకూడదని చూస్తున్నావా అని అడిగాను. పడకూడదనే అన్నాడు. ఆ మాట నాకు ఎంత బలం ఇచ్చిందో ఆయనకు చెప్పలేదు.

పొద్దు వాలేసరికి అన్నీ అయిపోయాయి. ఆడవాళ్లు వచ్చి ఎవరి అంచు చూసుకుని వాళ్లు మూటలు తీసుకుపోతున్నారు. అవ్వ కూడా తన మూటల దగ్గర నిలబడి కొడుకు కోసం చూస్తోంది. రాళ్లు నెమ్మదించాయి, తర్వాత ఆగిపోయాయి. నేను ముక్కు గుడ్డ విప్పుకుని గోడకు ఆనుకున్నాను. గెలిచాను అనుకున్నాను.

అప్పుడు ఒకామె వచ్చింది, మూట నెత్తిన పెట్టుకుని. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. పుట్టింటికి పోయి అప్పుడే బస్సు దిగిందట. రాత్రికి సర్దుకుని తెల్లవారకముందు అదే లారీలో మొగుడితో పోవాలి. పట్టడానికి ఎండ లేదని తెలియగానే ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా ఆయన లేచాడు. లోపలికి పోయి గోనెపట్టా తీసి, ఇంజిను తిప్పే కడ్డీ చేతిలోకి తీసుకున్నాడు. మాట మాటే. నేను ఒప్పుకున్నదే. ఆ కడ్డీ ఒక్కసారి తిరిగితే ఇక ఆగదని, రేపు ఇంకొకరు చీకటిపడ్డాక వస్తారని, ఎల్లుండి ఇంకొకరు వస్తారని, మళ్లీ ఆ కూక్ కూక్ మొదలవుతుందని నాకు తెలుసు. కానీ అడ్డం పోయి, ఆ పిల్లను ఉత్త చేతులతో లారీ ఎక్కించమని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

"ఆ ఇనుపకడ్డీ ఆడ పెట్టప్పా" అంది అవ్వ.

ఆమె నేలమీద కూర్చుంది. ఇంట్లో ఉంచుకుందామనుకున్న తన మూట దగ్గరికి లాక్కుంది. ఊదా పేలిక ముడి పళ్లతో విప్పింది. "నీ మూటలో జొన్నలు ఈడ పోసి, ఖాళీ సంచి పట్టు" అంది ఆ పిల్లతో. పిల్లకు అర్థం కాక నిలబడింది.

"సూస్తావేమే. బిన్నా పట్టు. పిండి గాలికి పోతాంది."

రెండు చేతులతో ఎత్తి ఎత్తి పోసింది. సంచి నిండిందాకా పోసింది. మీది నాకొద్దు, నాది మీకొద్దు అంటూ చివరి చిటికెడుకు తొట్టిని తట్టిన చేతులే అవి. "ఈయమ్మి జొన్నలు రేపు ఎండ వచ్చినాక పట్టి నా ఇంటికి పంపు" అంది నాతో. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "నీ దగ్గు ఇని ఇని నా చెవులు పోయినాయప్పా. ఆ ఇంజిను అమ్మేయి" అంది.

ఆయన కడ్డీ కింద పెట్టాడు.

మరుసటి రోజు ఊరు సగం ఖాళీ అయింది. ఎండ ఎక్కాక ఆ పిల్ల జొన్నలు పట్టాను. మూట నేను మోస్తానంటే ఆయన వినలేదు, భుజాన వేసుకుని ముందు నడిచాడు. నేను వెనక ఖాళీ చేతులతో నడుస్తున్నాను. వీధి మలుపు తిరిగి చర్చి గోడ దగ్గరికి వచ్చాం. ఎప్పటిలాగే ఆగుతాడని నేను ఆగి, నీలం అక్షరాల వైపు తిరిగి నిలబడ్డాను. పక్కన ఎవరూ లేరు. ఆయన గోడ దాటి అవ్వ ఇంటిదాకా పోయి, మూట భుజం మీదనే పెట్టుకుని వెనక్కి చూస్తున్నాడు.

"ఆడ ఏం చదువుతాండావే? రా" అన్నాడు.